గరాజ్ దాకా పెరిగిన టేబుల్

అమెరికాలోని ఎడిసన్‌లో ప్రేమానందం ఇంట్లో ఆదివారమంటే చర్చి నుంచి రావడం, భార్య దేవకుమారి కోడికూర వేడి చేయడం, డాక్టర్ గోపాల్ తన భార్య శశికళతో దిగడం, ఆ తర్వాత పోట్లాట. మగవాళ్లిద్దరూ గుంటూరులో కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. ఒకడు ప్రార్థన చేసుకుని పడుకుంటే, ఇంకొకడు హనుమంతుడి పటానికి దణ్ణం పెట్టుకుని పడుకునేవాడు.

భోజనానికి ముందు ప్రేమానందం చేసే ప్రార్థన చాలా పెద్దది. రెండు దేశాల ప్రభుత్వాలు, తను పనిచేసే ఫ్యాక్టరీలో యూనియన్, మంచులో కారు నడిపేవాళ్లు, అందరూ అందులోకి రావాల్సిందే. మధ్యలో కాసేపు మౌనం కూడా ఉండేది. చివర్లో అందరికంటే గట్టిగా ‘ఆమెన్’ అనేది మాత్రం గోపాలే. ఆకలి అలాంటిది.

వాళ్లిద్దరూ వాదించుకున్నప్పుడల్లా ఆ ఇంట్లో డైనింగ్ టేబుల్ పెరిగేది. రాజకీయాలకు జానెడు, మతానికి మూరెడు. కొన్నప్పుడు నలుగురి టేబుల్. ఎమర్జెన్సీ మంచిదా చెడ్డదా అని తేల్చుకునేలోపు అది వంటింట్లోకి వెళ్లింది, గోడ కొట్టించాల్సి వచ్చింది. దేవకుమారి టేబుల్ మీదికి కొత్త గుడ్డ తెచ్చి పాతదానికి కలిపి కుట్టేది.

"అన్నయ్యా, ఈ వారం సినిమాల గురించి మాట్లాడుకోండి. కార్పెట్ కొత్తది," అనేది గోపాల్‌తో. ఎవరు వింటారు?

ఎనభై మూడు డిసెంబర్లో మాట మతమార్పిడుల మీదికి పోయింది.

"మీవాళ్లు మిషనరీలిచ్చిన పాలపొడి డబ్బాలకి మారినవాళ్లేగా," అన్నాడు గోపాల్, నవ్వుతూనే.

ప్రేమానందం నవ్వలేదు. "మా తాత మీ వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడ్రా. అప్పుడాయన మీ మతమే. ఒక్కరోజైనా ఎవరైనా భోజనానికి పిలిచారా?"

అందరూ చూస్తుండగానే టేబుల్ గరాజ్‌లోకి వెళ్లిపోయింది. గోపాల్ కుర్చీ దాని వెంటే పోయింది. కారు బయట మంచులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత కూడా గోపాల్ ప్రతి వారం వచ్చాడు, రాకుండా ఉండలేక. గరాజ్‌లో కోటు వేసుకుని కూర్చునేవాడు. తప్పుగా అన్నానురా అని గొంతు దాకా వచ్చేది. కానీ అది పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట, అంత దూరం నుంచి అరిచి చెప్పేది కాదు. లేచి వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఆమెన్ అనడం మానేశాడు, ఆమెన్ అయ్యేదాకా ఆగడం మాత్రం మానలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రేమానందం ప్రార్థన మధ్యలో ఆగింది. అలవాటైన మౌనమే అనుకుని ఆడవాళ్లిద్దరూ కళ్లు మూసుకునే ఉన్నారు. గోపాల్ ఉన్న చోటికి ప్రార్థన వినపడదు, ఆఖరి ఆమెన్ ఒక్కటే వినపడుతుంది. దాని కోసం అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. ఎంతకీ రాకపోయేసరికి తలెత్తి చూశాడు. ఆ చివర ప్రేమానందం తల కంచం మీదికి వాలి ఉంది.

పరుగెత్తాడు. గరాజ్, వంటిల్లు, హాలు. ఆ టేబుల్ ఎంతకీ అవ్వదే! పాత రోజుల్లో అయితే చెయ్యి చాపితే అందేవాడు. ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కుతూనే ఉన్నాడు. అంబులెన్స్ వచ్చేసరికి గుండె తిరిగి కొట్టుకుంది. మాట తిరిగి రాలేదు. గుండె ఆగిన ఆ కాసేపూ మెదడుకు రక్తం అందలేదని గోపాల్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు.

హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చేసరికి టేబుల్ మళ్లీ నలుగురిదే అయింది. దేవకుమారి పొడుగు గుడ్డ మడిచి దాచేసింది. ఇప్పుడు ప్రార్థన ఆమె చేస్తుంది, చిన్నది. గోపాల్ ఆమెన్ అని, స్నేహితుడి పక్కన కూర్చుని అన్నం కలిపి తినిపిస్తాడు. క్షమించమని మొదటి వారమే అడిగాడు. ప్రేమానందం గోడ వంకే చూశాడు.

ఈ మధ్య గోపాల్ ముద్దకీ ముద్దకీ మధ్య కవ్విస్తున్నాడు.

"ఈసారి మీ పార్టీకి డిపాజిట్లు కూడా రావురా. ఏం, మాట్లాడవే?"

అలా అని ఎడమచెయ్యి టేబుల్ అంచు మీద పెడతాడు.

"చాలు అన్నయ్యా," అంటుంది దేవకుమారి.

గోపాల్ చెయ్యి తియ్యడు. జానెడు అక్కర్లేదు, వెంట్రుకవాసి పెరిగినా చాలని చూస్తాడు. టేబుల్ పెరగదు.