మూడు వేల దెబ్బలు

నేను ఆసుపత్రి మెషిన్లు బాగుచేసే మెకానిక్‌ని. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఇంకో మెకానిక్‌ని పిలిచిన పాపాన పోలేదు. అందుకే రెండేళ్ళుగా ఒంట్లో ఆ ఒక్క పార్టూ మొరాయిస్తున్నా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. పక్క ఎక్కగానే నడుం నొప్పి అనేవాణ్ణి. మా ఆవిడ మొదట్లో బామ్ రాసేది. తర్వాత్తర్వాత అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. నాకు దూరమైపోతోందని బెంగ పట్టుకుంది.

అలాంటి నాకు మొన్న మగవాళ్ళ సమస్యలు చూసే డాక్టరుగారి దగ్గర షాక్‌వేవ్ మెషిన్ రిపేరు తగిలింది, రక్తం బాగా పారడానికి తరంగాలతో చిన్న చిన్న దెబ్బలు కొట్టేది. సరిగ్గా నా జబ్బుకి వాడేదే! బాగుచేశాక ట్రయల్ వెయ్యాలన్నది రూలు. తలుపు గడియ పెట్టి, జెల్ రాసి, ఆ ట్రయలేదో నా మీదే వేసుకున్నాను. టకటకా మూడు వేల దెబ్బలు. ఈల వేసుకుంటూ బయటపడ్డాను.

మర్నాడు డాక్టరుగారు రమ్మన్నారు. ఆ మెషిన్ కొట్టిన ప్రతి దెబ్బ లెక్కా దాని తెర మీద కనిపిస్తుంది. నాకు తెలియనిదేం కాదు, సంబరంలో మర్చిపోయాను.

"ట్రయల్‌కి యాభై చాలు కదయ్యా. మిగతావి ఎవరికి తగిలాయి?" అన్నారాయన.

నేను ఫ్యాను వైపు చూశాను. ఆయన నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసేశారు. తర్వాత కూర్చోబెట్టి విడమర్చి చెప్పారు. ఆ దెబ్బలు కొందరికి పనిచేస్తాయట గానీ వారాలు పడుతుందట, రుజువులూ ఇంకా గట్టిగా లేవట. మాత్రయితే గంటలో పనిచేస్తుందట, గుండెనొప్పికి మందులు వాడేవాళ్ళు మాత్రం దాని జోలికి పోకూడదట. బీపీ, షుగరు, గుండె అన్నీ చూసి చీటీ రాసిచ్చారు. ముందు ఇంట్లో చెప్పమన్నారు.

ఆదివారం మధ్యాహ్నం మాత్ర మింగాను, చెప్పకుండానే. కానీ గంట ఆగాలి కదా. కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఇక ఆగలేక, బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ పక్కన చేరి మొత్తం కక్కేశాను. మూడు వేల దగ్గరికొచ్చేసరికి ఆవిడ దుప్పట్లో మొహం దాచుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

నవ్వుతూ నవ్వుతూనే ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"మీకు నేనంటే మొహం మొత్తిందనుకున్నాను. ఇంక ఎవరికోసమని మంచి బట్టలన్నీ మా చెల్లికి ఇచ్చేశాను."

"నువ్వు కాదే పిచ్చిదానా, నా సిగ్గే ఇంత పని చేసింది," అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, బట్టలు ఇప్పుడే వెనక్కి పంపమని చెప్పడానికి ఫోన్ అందుకుంది. అప్పటికి గంట దాటి పది నిమిషాలైంది.

"రేపు చెబుదువుగానిలే," అని ఫోన్ లాక్కున్నాను.