రెండో హెడ్డింగ్

"షట్టర్ వంచేస్తున్నారే! మీ బావ లోపల్నించి బల్ల అడ్డం పెట్టాడు. ఆ వార్త తీయించవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

ఫోన్లో అక్క గొంతు వెనకే ఇనుప రేకు మీద రాళ్ళు పడుతున్న చప్పుడు. విలేకరి కుర్చీలోంచి లేచి నిలబడింది. న్యూస్ డెస్కులో అందరూ తలలెత్తి చూశారు.

"పోలీసులకు చెప్పారా?"

"చెప్పాం. వస్తున్నాం వస్తున్నాం అంటారేగాని, ఏరీ?"

"ఫోన్ పెట్టేయకు. స్పీకర్లో ఉంచు."

బయట గుంపులో ప్రతివాడి ఫోన్లోనూ ఒకటే బొమ్మ. అది బావ మందుల షాపు ఫొటో. దాని మీద ఎర్రటి అక్షరాలు: 'ఈ దగ్గు మందు మీ పిల్లలకు తాగించారా? వెంటనే చదవండి!' లోపల వార్తేమో అందుకు తలకిందులు. దగ్గు మందు నమూనాలు పరీక్షించారు, ఏ దోషమూ లేదని తేలింది. అంతే. కానీ లోపలికెళ్ళి చదివినవాళ్ళు నూటికి తొమ్మిది మంది. మిగతావాళ్ళు హెడ్డింగూ ఫొటో చూసి, వియ్యాలవారికీ ఇరుగుపొరుగుకీ పంపేసి, కర్రలు పట్టుకుని బయల్దేరారు.

ఆమె ఎడిటర్ గదిలోకి దూసుకెళ్ళింది. "సార్, దాన్ని తీసేయండి!"

"పది నిమిషాల క్రితమే తీసేశానమ్మా," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "మన దగ్గర లేదు. జనం ఫోన్లలో ఉంది. వాటిల్లోంచి ఎట్లా పీకను?"

అంతలో ఆమె చేతిలోని ఫోన్లోంచి ఒక మగ గొంతు, షట్టర్ అవతల నుంచి. "మా బాబుకి మూడ్రోజుల్నించి జ్వరం! ఈ మందే తాగించా! బయటికి రారా!"

"నమూనాలు బాగానే ఉన్నాయయ్యా, రిపోర్టు చూపిస్తాను," బావ బతిమాలుతున్నాడు.

"నీ రిపోర్టెవడిక్కావాలి? కొనుక్కుని ఉంటావు. వార్త అబద్ధమైతే రాసినవాణ్ణి పిలు. వాడి నోటితో వాణ్ణి చెప్పమను!"

ఆ మాట ఆమెకు మునిగేవాడికి దొరికిన తాడులా తోచింది. రాసినవాణ్ణి పట్టుకోవాలి. జుట్టు పట్టుకునైనా ఫోన్ ముందు కూర్చోబెట్టాలి. ఎవరో కూడా ఆమెకు తెలుసు. తెలుసనే అనుకుంది.

కారిడార్ చివర అద్దాల గదిలో మార్కెటింగ్ మేనేజర్ ఉన్నాడు. పొద్దస్తమానం ఎంతమంది చూశారు, ఎంతమంది నొక్కారు అని లెక్కలు చెబుతుంటాడని డెస్కంతా అతన్ని అంకెలాయన అంటారు.

"నీ పనే కదూ?" ఆమె తలుపు తోసింది. "మా బావ షాపుకి ఎదురుగా ఉన్న పెద్ద మందుల షాపు ప్రకటనలు తెచ్చింది నువ్వేగా! ఊళ్ళో ఇన్ని షాపులుంటే ఆయన ఫొటోనే ఎందుకు పడింది?"

"మీద పడతావేంటమ్మాయ్! ప్రకటనలు తెచ్చుకుంటే మనుషుల్ని కొట్టిస్తానా? నాకూ పిల్లలున్నారు."

"అయితే ఎవరు?"

అంకెలాయన విసురుగా స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. "మన వెబ్‌సైటు నడిపే మిషన్, ఎవరేం చేశారో అన్నీ రాసిపెడుతుంది. చూద్దాం పద."

ఆ డెస్కులో ప్రతి వార్తకీ రెండు హెడ్డింగులు రాయాలి. మొదటిది తిన్నగా, రెండోది కాస్త కారంగా. సగంమంది పాఠకులకు ఒకటి, సగంమందికి ఇంకోటి మిషనే పంపుతుంది. పావుగంటలో దేన్ని ఎక్కువమంది నొక్కితే అదే నిలబడుతుంది. ఒకసారి నిలబడ్డాక దాన్ని ఎవరూ తిరిగి చూడరు. ఫొటో కూడా పాత ఫొటోల్లోంచి మిషనే ఏరుకుంటుంది.

"ఫొటో... 'మందుల షాపు' అన్న పేరుతో మన దగ్గర ఉన్నది ఇదొక్కటే. మూడేళ్ళ కిందట నువ్వే పెట్టావు."

షాపు తెరిచిన రోజు. బావ కొత్త చొక్కా వేసుకుని మెట్ల మీద నిలబడితే తనే తీసింది. ఎప్పుడైనా పనికొస్తుందని ఆఫీసు ఫొటోల్లో పడేసింది.

"సరే, అది నా ఖర్మ. ఆ రెండో హెడ్డింగ్ ఎవరిది?"

అంకెలాయన వేలు ఒక వరస మీద ఆగింది. ఆమె మొహంలోకి చూశాడు. ఇందాకటి విసురు లేదు.

"చెప్పవేం?"

"నువ్వే చూసుకో."

ఉదయం ఏడూ పది. ఆమె సీటు, ఆమె లాగిన్.

"ఎవరో నా పాస్‌వర్డ్ తీసుకుని..."

"వేలిముద్ర పెడితేగాని తెరుచుకోదు కదమ్మా అది," అన్నాడు మెల్లగా.

ఏడూ పది. ఎనిమిదిలోపు నలభై వార్తలు వదలాలి. అంటే ఎనభై హెడ్డింగులు. వార్త పూర్తిగా చదివే తీరికెక్కడిది? 'దగ్గు మందు', 'పిల్లలు' అన్న రెండు ముక్కలు కంటబడ్డాయి. వేళ్ళు వాటంతటవే కదిలాయి. రాశాక, బాగా కుదిరిందని నవ్వుకున్నట్టు కూడా గుర్తొచ్చింది.

ఫోన్లో ఏదో పెళ్ళున పగిలింది. ఆ వెంటనే సీసాలు వరసగా రాలుతున్న మోత.

"అమ్మాయ్, దొరికాడా వాడు?" బావ రొప్పుతున్నాడు. "షట్టర్ సగం లేచింది. ఎవడైతే ఏం, పిలువమ్మా!"

ఎడిటర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. స్క్రీన్ చూడగానే ఆయనకు విషయం అర్థమైపోయింది. "మిషన్ చేసిందని చెప్పు," అన్నాడు గుసగుసగా. "సాంకేతిక లోపమని చెప్పు. అబద్ధం కూడా కాదది. నీ పేరెత్తావో, రేపు ఆ గుంపు నీ గుమ్మం ముందుంటుంది. మళ్ళీ ఏ పత్రికలోనూ నీకు కుర్చీ దొరకదు."

మిషన్‌ని పిలిచి ఆ తండ్రి ముందు ఎవరు నిలబెడతారు?

"బావా, ఫోన్ షట్టర్ కింద నుంచి అవతలికి తోసెయ్."

గరగరమని చప్పుడు. ఆపైన గుంపు ఊపిరి, మరీ దగ్గరగా.

"నేను పత్రిక ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. ఆ మందులో ఏ దోషమూ లేదు. పరీక్షలో తేలింది. వార్తలోనూ అదే ఉంది. వార్త చదవకుండానే ఆ హెడ్డింగ్ పెట్టారు."

"పెట్టారంటే ఎవరు?" జ్వరం బిడ్డ తండ్రి గొంతు. "ఎవరో చెప్పమ్మా ముందు!"

షట్టర్ లోపల నుంచి అక్క గొంతు చించుకుని అరుస్తోంది. "చెప్పవే, వాడెవడో చెప్పు! వాడి చేతులు పడిపోను!"

"నేనే అక్కా," అంది ఆమె. "రాసింది నేనే."