చప్పుడు లేని పెట్టెలు

నడుస్తున్న కంప్యూటరుకు చెవి ఆనించి ఆయన పదిదాకా లెక్కపెట్టాడు. తర్వాత దాన్ని తిప్పి, ఫ్యాను ఉన్న వైపు మళ్లీ ఆనించాడు. ఏ చప్పుడూ లేదు. చిన్న అట్టముక్క మీద ‘విన్నాను’ అని రాసి, కింద సంతకం చేసి, మూతకు అంటించి పక్కకు జరిపాడు. పొద్దుటి నుంచి అది ముప్పై ఎనిమిదోది.

ఆ గదికి కిటికీ లేదు. బయటి చప్పుడు రాకుండా నాలుగు గోడలకూ దూది పరుపులు బిగించి ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా ఆయన కూర్చునేది అక్కడే. కుడి చెవి ముందు, చొక్కా గుండీ అంత మేర, చర్మం కాయకాసి నున్నగా మెరుస్తుంది. కంపెనీలో అందరికీ ఆయన చెవి బాబాయ్. చీమ తుమ్మినా బాబాయ్‌కి తెలుస్తుందని వేళాకోళం చేస్తారు.

కంపెనీ పెట్టిన పెద్దాయన బతికున్నన్నాళ్లూ బాబాయ్‌తో ఒకటే మాట అనేవాడు. “లోపలి సరుకంతా బజారుదే. పక్కవాడూ అదే కొంటాడు, మనమూ అదే కొంటాం. పసిపిల్ల పక్కన పెట్టినా నిద్ర చెడగొట్టకపోతేనే అది మన పెట్టె. ఆ పూచీ నీది.” కొన్నవాళ్లు కొందరు కంప్యూటరు పాతబడి పారేసినా ఆ అట్టముక్క దాచుకునేవారు.

ఈమధ్య ఇంట్లో భార్య రెండుసార్లు అడిగింది, రేడియో అంత గట్టిగా దేనికని. “వీధిలో గోల” అన్నాడు. వీధిలో గోలేమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం కాకముందే ప్యాకింగ్ చేసే ఆమె తలుపు తోసుకుని వచ్చింది, చేతుల్లో ఒక కంప్యూటరుతో.

“బాబాయ్, ఇది గుయ్యిమంటోంది.”

బల్ల మీద పెట్టి మీట నొక్కింది. ఆయన కుడి చెవి ఆనించాడు. ఎడమ చెవి ఆనించాడు. చివరికి అరచేయి పెట్టాడు. చేతికి సన్నగా వణుకు తగిలింది.

“ఇలాంటివి ఇంకెన్ని?” అన్నాడు తల ఎత్తకుండా.

ఆమె మీట ఆపింది. “నెల నుంచి వస్తున్నాయి. నేనే పక్కన పెట్టి ఫ్యాన్లు మార్పించేదాన్ని. ఇవాళ ఎక్కువైపోయాయి బాబాయ్. లారీ వచ్చేసింది.”

ఆయన మెట్లెక్కి పెద్దాయన కొడుకు గదికి వెళ్లాడు.

“ఇవాళ్టి సరుకు ఆపించండి బాబూ. నాకు సన్నటి చప్పుళ్లు వినపడటం లేదు. చెప్పకుండా దాచాను.”

కొడుక్కి కోపం రాలేదు. కుర్చీ చూపించాడు. “కంగారుపడకండి. కంపెనీ పేరు అమ్మేశాం. వచ్చే నెల నుంచి కొన్నవాళ్లు ఎక్కడో చేసి మన పేరు వేస్తారు. ఇక ఎవరూ వినక్కర్లేదు.”

“మరి ఇవాళ్టివి?”

“పోనివ్వండి. కొనేవాళ్లు పేరు చూసేగా కొంటారు.”

“అందుకే కదా బాబూ,” అన్నాడు. లేచి కిందికి దిగాడు.

ముప్పై ఎనిమిదింటినీ వెనక్కి తెప్పించాడు. అట్టముక్కలన్నీ గోటితో తానే ఒలిచాడు. ఒక్కోదానికీ మీట నొక్కి, అరచేయి పెట్టి, వణికినవాటిని ఎడమకు, వణకనివాటిని కుడికి పెట్టసాగాడు.

“డ్రైవరు తిడుతున్నాడు బాబాయ్.”

“తిట్టనీ. నాకు వినపడదుగా.”

ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

ఆమె మళ్లీ వచ్చేసరికి కంప్యూటరు మీద తల వాల్చి, కళ్లు మూసుకుని ఉన్నాడు. వింటున్నాడనుకుంది. వెనకే వచ్చిన డ్రైవరుకు నోటి మీద వేలుంచి సైగ చేసి, తలుపు మెల్లగా దగ్గరకు లాగింది. కాసేపాగి చూస్తే ఇంకా అలాగే ఉన్నాడు. దగ్గరకు వెళ్లి ముక్కు దగ్గర చేయి పెట్టి చూస్తే ఊపిరి తగల్లేదు. ఆ కంప్యూటరుకు మీట నొక్కి లేదు.

సాయంత్రం లారీ కుడివీ ఎడమవీ అన్నిటినీ ఎక్కించుకుని వెళ్లిపోయింది. గదికి తాళం పడింది. తలుపు బయట గోడవారగా ఆయన చెప్పులు మిగిలాయి. నడిస్తే చప్పుడు కాకూడదని అడుగున అతికించుకున్న మెత్తటి గుడ్డ అరిగి, పోగులు లేచి ఉంది.