గ్లౌజులు తియ్యి

బోంగ్దు చేతిని మిషను లాక్కున్నప్పుడు పక్కనే డ్రిల్లింగు మిషను మీదున్న మల్సున్‌కి ముందు గుడ్డ చిరిగిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే కేక. ఆమె డ్రిల్లు వదిలేసి ఒక్క గెంతులో వెళ్ళి, మిల్లింగు మిషను ఎర్ర బొత్తాం మీద అరచేత్తో కొట్టింది. దిమ్మలో బోరు, అంటే గుండ్రటి రంధ్రం, తొలిచే కమ్మీ ఆగేసరికే అంతా అయిపోయింది. బోంగ్దు వేసుకున్న తెల్ల నూలు గ్లౌజు కమ్మీకి చుట్టుకుపోయి ఉంది. ఎడమచేతి వేళ్ళు రెండు నుజ్జయిపోయాయి.

మేస్త్రీ యోమ్ పరిగెత్తుకొచ్చాడు. వచ్చి ముందు దేన్ని చూశాడనుకున్నారు? బల్లకి బిగించిన పంపు దిమ్మని! బోరు చెడిందా, బాగుందా అని వంగి మరీ చూశాడు. కింద కూలబడ్డ మనిషి ఆ తర్వాత కనిపించాడు ఆయనకి. అప్పుడు కూడా చాకు తీసి కమ్మీకి చుట్టుకున్న గ్లౌజుని కోసి, ఉండచుట్టి, తన ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. మల్సున్ అదంతా కళ్ళారా చూసింది.

"ఏంట్రా ఈ గుంపు? ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే ఇంతే. పదండి, పనుల్లోకి పదండి!"

"అంబులెన్సు పిలవండి మేస్త్రీగారూ!"

"అంబులెన్సొస్తే వెనకాలే బీమావాడొస్తాడు. మన వ్యాను లేదూ?"

పంపుల పెట్టెల మధ్య పడుకోబెట్టి, సరుకుల వ్యానులో తీసుకుపోయారు బోంగ్దుని. మిగిలినవాళ్ళు నెత్తుటి మరకల మీద రంపప్పొట్టు చల్లి మిషన్లు వేసుకున్నారు. చేతులకి గ్లౌజులతోనే.

ఇంచోన్ రేవు వెనకున్న ఆ పంపుల కార్ఖానాలో అంతకుముందు తిరిగే మిషను దగ్గర ఎవరూ గ్లౌజులు వేసుకోలేదు. వానలు మొదలయ్యాక ఓ పెద్ద బేరగాడు సరుకు తిప్పి పంపాడు. నున్నగా తీసిన బోర్లలో వేలిముద్రలు పడ్డచోట తుప్పు పట్టిందట. చెమట చేతులు కదా మరి! కడిగి నూనె రాయడానికి ఇద్దరు మనుషుల్ని పెడితే తీరిపోయే తంటా అది. యజమానికి అంతకంటే చవకైన దారి తట్టింది. పొద్దున గేటు దగ్గర తలా ఒక జత గ్లౌజులు పంచి, సాయంత్రందాకా తియ్యడానికి వీల్లేదన్నాడు. తీసినవాడికి ఆ రోజు కూలి లేదు.

మల్సున్‌కి పని నేర్పుతున్నది బోంగ్దు. ఆడపిల్ల డ్రిల్లు కొట్టుకోక మిల్లింగెందుకని అందరూ నవ్వినప్పుడు అతను నవ్వలేదు. మధ్యాహ్నం అన్నం గబగబా మింగేసి, మిగిలిన కాసేపట్లో తన మిషను దగ్గర నిలబెట్టుకునేవాడు. మొదటిరోజు ఆమె ముడి దిమ్మలు మోసిన గ్లౌజులతోనే వచ్చి చక్రం పట్టుకోబోయింది.

"గ్లౌజులు తియ్యి" అన్నాడు.

"చేతులు మురికవుతాయనా అన్నా?"

"పిచ్చిదానా, వేళ్ళు మిగలాలని. దిమ్మ మోసేటప్పుడు వేసుకో, కాదన్లేదు. తిరిగేదాని దగ్గరికి మాత్రం ఉత్త చేతులతో రా. చర్మమైతే గీరుకుపోతుంది. గుడ్డయితే నిన్ను లోపలికి లాగేస్తుంది. నాకు ఇదే మొదటి పాఠం. నీకూ ఇదే."

ఆ తర్వాత నేర్పినవి చాలా ఉన్నాయి. చక్రం తిప్పితే బల్లని జరిపే మర పళ్ళ మధ్య ఎప్పుడూ కాస్త ఖాళీ ఉంటుంది. చక్రం మీది కొలత గీత దాటిపోతే కొంచెం వెనక్కి తిప్పి సరిపెట్టుకుంటే మోసపోతావు, పూర్తిగా వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందువైపు నుంచే గీతకి రావాలి. బోరు పదును గుండ్రంగా తిరుగుతుంది గనక ఇటు తీసినంతా అటూ తీస్తుంది. నువ్వు డయల్ మీద జరిపినదానికి రెట్టింపు పెరుగుతుంది బోరు. ఈ లెక్క మరిచిపోయి ఒకసారి మల్సున్ మంచి దిమ్మని పాడుచేసింది. బోంగ్దు చెడామడా తిట్టాడు. తిట్టి, యోమ్ అడిగినప్పుడు తనే చెడగొట్టానని చెప్పాడు. అప్పట్నుంచి ఆమెకి ఒకటే కోరిక, ఎప్పటికైనా మిల్లింగు మిషను తన పేరున ఉండాలని.

ఆ కోరికనే పట్టుకున్నాడు యోమ్. మర్నాడు ఆఫీసులోకి పిలిచి, కూర్చోమని, బార్లీ టీ కూడా పోశాడు.

"బోంగ్దు మిషను ఇవాళ్టినుంచి నీదేనమ్మా. కూలీ మిల్లింగువాళ్ళదే. సరేనా?"

ఆమె కప్పు కింద పెట్టింది.

"బీమావాడొచ్చి అడుగుతాడు. పక్కనున్నది నువ్వేగా? బోంగ్దు నవ్వుతూ కబుర్లు చెబుతూ చెయ్యి పెట్టాడని చెప్పు, చాలు. గ్లౌజుల ఊసెత్తకు."

అలా చెబితే ఏమవుతుందో కార్ఖానాలో ప్రతివాడికీ తెలుసు. తప్పు బోంగ్దుదని తేలితే వైద్యం ఖర్చు అతనిదే, ఉద్యోగం ఊడినట్టే. రెండు వేళ్ళు లేని మిల్లింగువాడికి ఆ వీధిలో ఇంకెవడు పనిస్తాడు?

మల్సున్ అవుననలేదు, కాదనలేదు. వెళ్ళి ఆ మిషను ముందు నిలబడింది. నిలబడింది, అదీ నిజమే! ఎంత సిగ్గుపడుతూ నిలబడినా నిలబడినట్టే కదా.

"రాణీగారు సింహాసనం ఎక్కారర్రోయ్!" లేతు దగ్గర్నుంచి అరిచాడు చిల్బోక్. వాడి నోటికి తాళం లేదు. "నెత్తురు ఆరిందా రాణీగారూ, లేకపోతే గుడ్డ పెట్టి తుడవమంటారా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె గ్లౌజులు తొడుక్కుని బోరు మొదలుపెట్టింది. కమ్మీ తిరుగుతోంది. ఇనప రజను కుప్పపడుతోంది. దాన్ని తుడవడానికి చెయ్యి ముందుకు పోయినప్పుడల్లా వేలి చివర దారప్పోగు ఊగుతూ కనిపించేది. చెయ్యి వెనక్కి లాగేసుకునేది. పదును సరిగ్గా కోస్తోందో లేదో చక్రం పట్టుకున్న వేళ్ళకి తెలియాలి. గ్లౌజులో ఆ వేళ్ళకి ఏమీ తెలియలేదు. సాయంత్రానికి ఒళ్ళంతా బిగుసుకుపోయింది.

పని దిగాక ఆసుపత్రికి వెళ్ళింది. బోంగ్దు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అడక్కముందే అంతా చెప్పేసింది.

"మిషను తీసుకో" అన్నాడతను. "నువ్వు కాకపోతే ఏమీ తెలియని ఎవణ్ణో తెచ్చి పెడతారు. వాడి చెయ్యీ పోతుంది."

"మరి వాళ్ళు చెప్పమన్న మాటో?"

అతను గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత కట్టు కట్టిన చేతిని పైకెత్తి చూసుకున్నాడు.

"నాకు మొదటి పాఠం ఎవరు చెప్పారో తెలుసా నీకు? యోమన్న. అప్పుడు మేస్త్రీ కాదు, నాలాగే మిల్లింగువాడు. గ్లౌజులతో కనబడితే నెత్తిమీద మొట్టేవాడు. ఆ మనిషే నా గ్లౌజు జేబులో వేసుకున్నాడటగా. పోనీలే, తెలియక చేశాడనుకుందామంటే తెలియకపోవడమేంటి?"

మల్సున్‌కి ఒళ్ళు మండిపోయింది. తెలియనివాడి మీద జాలిపడొచ్చు. అన్నీ తెలిసి జేబులో కుక్కుకున్నవాణ్ణి ఏం చెయ్యాలి?

మర్నాడు పని దిగాక అందరూ భోజనశాలలో చేరారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఇళ్ళకి పోలేదు. అరుపులతో పైకప్పు రేకులు అదిరాయి.

"కార్ఖానా మూతపడితే పిల్లలకి ఏం పెడతాం?" అన్నాడు ఇనుము పోత దగ్గర పనిచేసే ముసలాయన.

"చేతులు పోతే ఏం పెడతావు తాతా? పెట్టడానిక్కూడా చేతులుండాలిగా!" అన్నాడు చిల్బోక్.

కొత్తగా చేరిన, పంపుల భాగాలు బిగించే అసెంబ్లీ పిల్లలు వెనక్కి తగ్గి నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు నసిగాడు: "జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదని మేస్త్రీగారన్నారు. గ్లౌజుంటే చెయ్యి తెగదు కదా అసలు?"

మల్సున్ లేచింది. లేవగానే చిల్బోక్ అందుకున్నాడు. "వచ్చారండీ రాణీగారు!"

"నోర్ముయ్యరా కాసేపు. నువ్వన్నది నిజమే, అందుకే లేచాను. మిషను మీద ఆశతో గీత దాటిపోయాను. కొంచెం వెనక్కి తిప్పితే చాలదు, బోంగ్దన్న నేర్పాడు. పూర్తిగా వెనక్కొస్తున్నా. వాళ్ళు చెప్పమన్న అబద్ధం చెప్పను. మిషను పోతే పోనీ." అని వంటింటివైపు తిరిగింది. "ఓక్బున్ పిన్నీ, ఓ ముల్లంగి ఇస్తావా?"

వంటామె తెల్లబోయింది. "ముల్లంగా? కిమ్చి పచ్చడికి తరిగే ముల్లంగా? ఇప్పుడెందుకే తల్లీ?"

"మనిషి చెయ్యంత గట్టిది చూసి ఇవ్వు."

మల్సున్ ఆ ముల్లంగిని తన గ్లౌజులో దూర్చి, మణికట్టు దగ్గర తీగతో చీపురుకర్రకి కట్టింది. గుంపంతా వెంట నడిచింది. మిల్లింగు మిషను తిప్పింది. అందర్నీ దూరంగా నిలబడమని, కర్ర పట్టుకుని, రజను తుడిచినట్టుగా గ్లౌజుని మెల్లగా ముందుకు జరిపింది. ఎంతో జాగ్రత్తగా జరిపింది.

ఒక పోగు తగిలింది, అంతే! కర్ర ఆమె చేతిలోంచి ఊడి ఎగిరింది. పటపటమని ముల్లంగి ముక్కలు గోడకి కొట్టుకున్నాయి. జాగ్రత్తగా ఉంటే చాలన్న కుర్రాడి చొక్కా మీద తెల్లటి గుజ్జు పడింది. వాడు దాన్ని తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. ఓక్బున్ రెండు చేతులూ చంకల్లో దాచుకుని "అమ్మో, అమ్మో" అంటూ ఏడ్చింది.

మల్సున్ మిషను ఆపింది. చిల్బోక్ దగ్గరికొచ్చాడు. ఈసారి రాణీగారనలేదు.

"రేపు పొద్దున ఎవరం వేసుకోం. సరేనా?" అన్నాడు.

"బోంగ్దన్న గ్లౌజు యోమ్ జేబులోంచి బయటికి రావాలి. ప్రమాదం పనిలో జరిగిందని యజమాని ఒప్పుకోవాలి. అప్పటిదాకా మిషను తిరగదు" అంది మల్సున్. "సరే" అన్నవాళ్ళలో ఇందాకటి ముసలాయన గొంతు కూడా ఉంది.

పొద్దున గేటు దగ్గర పంచిన గ్లౌజులన్నీ కార్ఖానా నడిమధ్య కుప్పపడ్డాయి. ఒక్క మిషనూ తిరగలేదు. మనుషులు మిషన్ల పక్కన నేలమీద కూర్చుని, ఉత్త చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. యజమాని కోటు వేసుకుని దిగాడు. ఆయన వెనక యోమ్. యోమ్ చేతులకి తెల్లగా, కొత్తగా గ్లౌజులున్నాయి.

"ఇదంతా ఆ పిల్ల నాటకమా? మిషనిచ్చి నెత్తిన పెట్టుకుంటే ఇదా విశ్వాసం?"

"మిషను తీసేసుకోండయ్యా. బోంగ్దన్న గ్లౌజు ఇచ్చెయ్యండి" అంది మల్సున్.

"ఏ గ్లౌజు?"

"మేస్త్రీగారిని అడగండి. ఆయన జేబులో ఉంది."

యోమ్ చూపు నేలకి వాలింది. యజమాని మొహం కందగడ్డయింది. "గ్లౌజుతో పని చెయ్యలేమంటారా? చేతకాని సోమరులు! యోమ్, వెళ్ళి మిషను వెయ్యి. ఆ బోరు నువ్వే తీసి చూపించు వీళ్ళకి."

ఎవరూ కదల్లేదు. యోమ్ మిల్లింగు మిషను దగ్గరికి నడిచాడు. ఎన్నో ఏళ్ళు నిలబడ్డ చోటే అది. దిమ్మ బిగింపు తట్టి చూశాడు. వంగి పదును చూశాడు. మీట వేశాడు, కమ్మీ తిరిగింది. అందరి కళ్ళూ ఆయన చేతుల మీదే ఉన్నాయి.

చక్రం మీద చెయ్యి వెయ్యబోతూ, అలవాటు చొప్పున, యోమ్ గ్లౌజులు తీసేశాడు.

తీసేసి ఎడమ చంకలో పెట్టుకున్నాడు. తీసినవాడికి తెలియకుండానే జరిగిపోయింది అది. తిరిగే కమ్మీ చప్పుడు తప్ప కార్ఖానాలో ఇంకేమీ లేదు. ఆయన తన చేతులు తను చూసుకున్నాడు. మొహంలో రక్తం లేదు. మళ్ళీ తొడుక్కోబోయి ఆగిపోయాడు.

"చూశారా!" చిల్బోక్ గొంతు చించుకున్నాడు. "మేస్త్రీకి మొదటి పాఠం గుర్తుందర్రోయ్!"

నేలమీదున్నవాళ్ళందరూ ఒక్కసారిగా లేచారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. "గ్లౌజులు తియ్యి! గ్లౌజులు తియ్యి!" పోత దగ్గరివాళ్ళు, లేతులవాళ్ళు, అసెంబ్లీ పిల్లలు, వంటింటి గుమ్మంలో గరిటెతో ఓక్బున్, అందరిదీ అదే కేక. మల్సున్ వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కింది. కమ్మీ ఆగింది.

"ఇచ్చెయ్యన్నా" అంది యోమ్‌తో, మెల్లగా. మేస్త్రీగారనలేదు. "నీ దగ్గర నేర్చుకున్నవాడిదే అది."

యోమ్ జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. యజమాని "యోమ్!" అని గద్దించాడు. అయినా చెయ్యి ఆగలేదు. పారెయ్యలేక అక్కడే ఉంచుకున్న, నెత్తురు ఎండి నల్లబడిన గుడ్డ ఉండని మిషను బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా గేటువైపు వెళ్ళిపోయాడు. మల్సున్ దాన్ని ఓక్బున్ చేతిలో పెట్టింది. ఓక్బున్ రవికెలో దాచేసుకుంది. ఇంకెవరూ దాన్ని తియ్యలేరు అక్కణ్ణుంచి!

పోలీసులు మధ్యాహ్నానికి వచ్చారు. పని అడ్డుకున్నందుకు, యంత్రాన్ని పాడుచెయ్యబోయినందుకు మల్సున్‌ని పట్టుకున్నారు. ముల్లంగి ముక్కలే సాక్ష్యమట! అందరూ అడ్డుపడ్డారు. లాఠీలు లేచాయి, చిల్బోక్ తల పగిలింది. రెండు చేతులూ వెనక్కి విరిచి ఆమెని వ్యానులోకి తోశారు. ఆమెకి భయమేసింది. కానీ వెనకనుంచి కేక ఆగలేదు.

వ్యాను సందు మలుపు తిరిగింది. పక్కన ఇంకో కార్ఖానా గోడ. దానికవతల ఆమె ఎప్పుడూ చూడని మనుషులు ఇలాంటి గ్లౌజులతోనే పనిచేస్తారు, పొద్దుటినుంచి ఈ కేక వాళ్ళకీ వినబడుతూనే ఉంది. గోడ మీదనుంచి తెల్లటిదేదో ఎగిరొచ్చి వ్యాను అద్దానికి తగిలి జారిపడింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత గుప్పెళ్ళకొద్దీ గ్లౌజులు, వాటి వెనకే అదే కేక. గోడవతల ఒక్కో మిషనే ఆగిపోతున్న చప్పుడు ఆమెకి స్పష్టంగా వినిపించింది.

"ఏంటా అరుపులు?" అన్నాడు పక్కన కూర్చున్న పోలీసు, అద్దంలోంచి తొంగిచూస్తూ.

"పని నేర్చుకుంటున్నారు" అంది మల్సున్.