నాలుగు వందల పన్నెండో పరీక్ష

నాలుగింటికి పంపు సాఫ్ట్‌వేర్ విడుదల. గోడ గడియారంలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.

ఆసుపత్రుల్లో రోగి నరంలోకి మందు ఎక్కించే పంపు అది. దాని సాఫ్ట్‌వేర్‌ని పన్నెండేళ్లుగా ఆమే పరీక్షిస్తోంది. ఆఫీసులో అందరికీ ‘చాదస్తం అక్క’. నెల క్రితం పైనుంచి హుకుం వచ్చింది: టెస్టర్లు తమకు తెలిసిన పరీక్షలన్నీ రాసి కొత్త ప్రోగ్రామ్‌కి అప్పగించాలి. ఇకపై పరీక్షలన్నీ అదే చేసుకుంటుంది. ఆ తర్వాత టెస్టర్ల గతేమిటో ఎవరూ చెప్పలేదు.

ఆమె నాలుగు వందల పదకొండు రాసింది. ఒక్కటి దాచుకుంది. ఆమె భర్తని ఆయన ఆఫీసులో ఇలాగే అన్నీ రాయించుకుని ఇంటికి పంపి ఆరు నెలలైంది. పైవాళ్ల జుట్టు కాస్తయినా తన చేతిలో ఉండాలి కదా!

ఇప్పుడు తెర మీద అన్నీ ‘పాస్’ అనే ఆకుపచ్చ గీతలే.

“అయిపోయిందక్కా! నీ చాదస్తం మొత్తం మింగేసి త్రేన్చింది ఈ ప్రోగ్రామ్ మహాతల్లి,” పక్క సీటు టెస్టర్ నవ్వాడు. పరాచికాలు ఎక్కువని అతన్ని ‘బావగారు’ అంటారు.

ఆమె నవ్వలేదు. దాచుకున్న ఆ ఒక్క పరీక్ష కోసం బల్ల మీది నమూనా పంపుని దగ్గరికి లాక్కుంది. నడుస్తుండగానే బ్యాటరీ తీసి, మళ్లీ పెట్టింది. గొట్టాన్ని మడిచి పట్టుకుంది. మందు ఆగితే అలారం మోగాలి.

మోగలేదు.

మళ్లీ చేసింది. చడీచప్పుడూ లేదు. ఎక్కడో ఒక మంచం పక్కన ఇలాగే గొట్టం మడతపడుతుంది. నర్సు అటు తిరిగి కూడా చూడదు.

ఇంకా నాలుగు నిమిషాలు.

“సార్, ఆపండి!” ఆ గొంతు తనదేనని ఆమెకే నమ్మకం కలగలేదు.

టీమ్ లీడ్ పరుగున వచ్చాడు. ఆయన ముందు చేసిన మూడోసారీ మోగలేదు. విడుదల ఆపించి ఆమె వైపు తిరిగాడు.

“ఇది మీ జాబితాలో ఎందుకు లేదమ్మా?”

మర్చిపోయానంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“కావాలనే రాయలేదు సార్.”

ఆయన తిట్టలేదు. పాలిపోయిన ముఖంతో మిగతా సీట్లవైపు చూశాడు.

“ఇంకా ఎవరెవరు ఏమేం దాచారు?”

కీబోర్డులు ఆగిపోయాయి. చివరికి బావగారు లేచాడు.

“నాదొకటుంది సార్. వెంటిలేటర్‌ది.”

“అది పోయిన వారమే ఆసుపత్రులకి వెళ్లిపోయిందయ్యా!”

“తెలుసు సార్. వారం నుంచీ ఫోన్ మోగితే చాలు, ప్రాణం పోతోంది.”

ఆమె నోట్‌బుక్ తెరిచింది. పెన్ను తీసింది.

“చెప్పు బావగారూ. తొందరగా.”