కారినా నా పడవే

ప్రాజెక్టు నిండిన మొదటి వానాకాలంలోనే మొగులమ్మ చెల్క, ఆమెకున్న మెట్టచేను, కళ్ళెదుటే దూరమైపోయింది. గడపలో నిలబడితే నీటికి అవతల ఆమె ఎర్రమట్టి కనిపిస్తూనే ఉంటుంది. నడిచి పోవాలంటే మాత్రం కట్ట మీదుగా చుట్టూ తిరగాలి. చేరేసరికే ఎండ నెత్తికెక్కుతుంది. ఆ ఊళ్ళో ఎవరికీ పడవల సంగతి తెలియదు. నిన్నమొన్నటి దాకా అక్కడ పారింది మోకాలి లోతు వాగే.

మొగులమ్మ భర్త వెంకటయ్య మెతక మనిషి. ఇంట్లో చెల్లేది ఆయన అన్న మల్లప్ప మాట. తాండూరులో కందుల వ్యాపారం చేసే మల్లప్పే మొదట పడవ ఊసెత్తాడు. అక్కడి వెల్డింగు షాపులో ఇనుప రేకుతో ఇంజను పడవ ఒకటి చేస్తున్నారట, ఇంటివాళ్ళందరం కలిసి కొందామన్నాడు. మొగులమ్మ తానూ చూస్తానంది. ఆడదానికి అక్కడేం పనని ఆయన విసుక్కుంటుండగానే పోయి బస్సులో కూర్చుంది.

పడవ చూడముచ్చటగా ఉంది. నీలం రంగు, చదునైన అడుగు, నీళ్ళు తోడే ఇంజనులాంటిదే వెనక ఒకటి.

"కొత్త నమూనా అమ్మా! చుక్క నీరు లోపలికి రాదు. హ్యాండిల్ తిప్పితే చాలు, ఉరుకుతది" అన్నాడు షాపువాడు.

మొగులమ్మకు నిజంగానే నచ్చింది. రేకు మీద అరచెయ్యి వేసి అడిగింది.

"ఎవరు నడుపుతరు బావా?"

"ఇంకెవరు? నేనే. లేకుంటే నేను పెట్టిన మనిషి."

"నా చెల్కకు నేను పోవాలంటే?"

"నేను పోయినప్పుడు నువ్వు గూడ ఎక్కు. డీజిల్ ఊకెనే వస్తదా?"

"ఇంజను ఆగితే?"

"తాండూరు నుంచి మేస్త్రీ వస్తడు. నీకెందుకు గా ఫికర్?"

మొగులమ్మ రేకు మీది చెయ్యి తీసేసింది. తెల్లారి వికారాబాద్ బస్సెక్కింది.

వికారాబాద్ నుంచి గాజులు అమ్ముకుంటూ ఊరికి వచ్చే సైరా దగ్గర ఒక పడవ ఉందని ఆమెకు తెలుసు. సైరా తండ్రి ఒక నవాబు బంగళాకు కావలి ఉండేవాడు. పోలీస్ యాక్షన్ తర్వాత ఆ నవాబు కుటుంబం వెళ్ళిపోతూ, హైదరాబాదులో షికార్లు చేసిన తెరచాప పడవను ఆయనకు వదిలేసింది. ఇప్పుడు బంగళా చేతులు మారింది. షెడ్డు ఖాళీ చేయమని సైరాను తొందరపెడుతున్నారు.

టేకు పడవ. లోపల ఇద్దరు పడుకోగలిగినంత చిన్న గది, అడుగున చేప వెన్నులా పొడవాటి దూలం. తెరచాప కర్రను చెదలు తినేశాయి. ఒక పలక పుచ్చింది. సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోంది.

"అబద్ధమెందుకు అక్కా? ఇది కారుతది" అంది సైరా. "నువ్వు చెప్పిన రేకు పడవనే మంచిదేమో, జర సోంచాయించు."

"మంచిదే. కాని అది మా బావ పడవ. ఇది నాదైతది."

తన చెల్కలో పండిన కందుల బస్తాలిచ్చి పడవను తెచ్చుకుంది. ఎడ్లబండి మీద అది ఊళ్ళోకి వస్తుంటే జనం నోళ్ళు తెరిచి చూశారు. నీళ్ళ పడవకు మళ్ళీ ఇల్లెందుకని ఒకడు, ఇందులో నవాబు దయ్యముంటుందని ఇంకొకడు. సైరా కూడా వెంట వచ్చి ఊళ్ళోనే ఉండిపోయింది. ఇద్దరూ పుచ్చిన పలక మార్పించారు. సందుల్లో నూలు పీచు కూరి తారు పూశారు. మొగులమ్మ గోళ్ళు నల్లబడ్డాయి. నలుగురి చేత తోయించి పడవను నీళ్ళలోకి దింపారు.

సాయంత్రానికి అది మునిగింది. ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్ళలో, గది కప్పు మాత్రం పైకి కనిపిస్తూ కూర్చుండిపోయింది. ఊరంతా చూడటానికొచ్చింది. మల్లప్ప నవ్వలేదు, జాలిపడ్డాడు. మొగులమ్మకు అదే ఎక్కువ మండింది.

"గుంజి పొయ్యిలకు కొట్టియ్యి. టేకు మంచిగ కాలుతది" అన్నాడాయన.

"ఎండకు వదులైన బండిచక్రాన్ని ఏం చేస్తం బావా? నీళ్ళల్ల నానేస్తం. చక్రం బిగుసుకుంటే పలకలు బిగుసుకోవా?"

పైకి అలా అందిగానీ ఆమెకూ నమ్మకం లేదు. ఇంటికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ పొద్దున్నే బిందె తీసుకుని వెళ్ళి నడుముల్లోతు నీళ్ళలో నిలబడి తోడసాగింది. సైరా రెండో బిందె అందుకుంది. తోడటం, మళ్ళీ నిండటం, మళ్ళీ తోడటం. చూసేవాళ్ళకు విసుగొచ్చి ఒక్కొక్కరే ఇళ్ళకు పోయారు. ఒక ఉదయం పడవ తనంతట తానే తేలుతూ కనిపించింది. అడుగున చెంబెడు నీళ్ళున్నాయి, అంతే. సైరా కేక పెట్టి ఆమెను వాటేసుకుంది.

తెరచాప కట్టడం ఎవరికీ రాలేదు. తెడ్లు చేయించుకున్నారు. మొదట్లో పడవ గుండ్రంగా తిరిగేది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాక దారికొచ్చింది. మొగులమ్మ తన చెల్కతోపాటు అవతల కలుపుతీసే కూలి ఆడవాళ్ళనూ దాటించసాగింది. మల్లప్ప తన నీలం పడవ తెచ్చుకున్నాడు. అది ఏనాడూ మొరాయించలేదు. వీళ్ళు ఒకసారి దాటేలోగా అది మూడుసార్లు తిరిగేది. అయితే కూలి ఆడవాళ్ళు ఎక్కాలంటే ఆయన పనులన్నీ అయ్యేదాకా ఒడ్డున కూర్చోవాలి.

తన పడవ కోసం ఒడ్డున కూర్చునే జనం తగ్గిపోవడం చూసి మల్లప్ప పెద్దమనుషులను పిలిపించాడు.

"పాత కట్టె. ఎవరన్న మునిగి చస్తే ఊరికి చెడ్డపేరు. ఒడ్డుకు గుంజెయ్యమనుండ్రి" అన్నాడు.

పెద్దమనుషులు మొగులమ్మ వైపు చూశారు. ఆమె కొంగు నడుముకు బిగించింది.

"కారుతది. దాపుడెందుకు? నేను తోడుకుంట. మా బావది జోరుగ పోతది, గదీ ఒప్పుకుంట. కాని నా చెల్కకు ఎప్పుడు పోవాలెనో ఇంకొకలను అడగను. భయమున్నోళ్ళు ఎక్కకుండ్రి. నన్ను మాత్రం దిగుమనకుండ్రి."

ఎవరి జవాబు కోసమూ ఆగకుండా నీళ్ళ వైపు నడిచింది. సైరా వెనకే వెళ్ళింది. కూలి ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని సద్దిమూటలు చంకన పెట్టుకున్నారు. అప్పటిదాకా అన్న పక్కన తలొంచుకుని కూర్చున్న వెంకటయ్య లేచాడు.

"యాడికి రా?" అన్నాడు మల్లప్ప.

"చెల్కకు" అన్నాడు వెంకటయ్య. ధోవతి ఎగగట్టి, నీళ్ళలో దిగి, పడవెక్కి సైరా చేతిలోని తెడ్డు అందుకున్నాడు.

నడినీటిలో మల్లప్ప నీలం పడవేసుకుని దడదడమంటూ వాళ్ళను దాటిపోయింది. దాని అలకు టేకు పడవ ఊగింది. ఆడవాళ్ళు చీరలు తడిసి గొణిగారు. వెంకటయ్య తలెత్తి అన్న వైపు చూడబోయాడు.

"గటు చూడకు. తెడ్డు జర లోతుగ వెయ్యి" అంది మొగులమ్మ.