బయటి గడియ

వడ్రంగికి ఒక జబ్బుంది. కొత్త ఊరికి వెళితే మనుషుల్ని చూడడు, మేడల్ని చూడడు, తలుపుల్ని చూస్తాడు. ఆ ఉదయం ఈ మహానగరంలో రైలు దిగినప్పటి నుంచీ అదే వరస. పక్కనే సంచి మోసుకుంటూ నడుస్తున్న చెల్లెలికి నవ్వూ వస్తోంది, చిరాకూ వస్తోంది.

ఆమెకు ఇక్కడి కుట్టు కార్ఖానాలో పని కుదిరింది. బస కూడా వాళ్ళదే. సాయంత్రంలోగా చేరితే చాలు కదా అని అన్నాచెల్లెళ్ళు పేటలన్నీ చూసుకుంటూ నడిచారు. అమ్మానాన్న పోయాక ఆ పిల్లను పెంచింది అతనే. "దానికేమన్నా అయితే నీదే పూచీ" అని భార్య హెచ్చరించి మరీ పంపింది.

అద్దాల మేడల పేటలో తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. అతనికి ఒళ్ళు మండింది.

"చెయ్యి వెయ్యకుండానే తెరుచుకుంటే అదేం తలుపే? సిగ్గూ శరం లేకుండా!"

"ఊరు చూడమంటే తలుపులతో తగువేంటి అన్నయ్యా?"

బట్టల బజారులో అన్నీ ఇనుప షట్టర్లే, కాలు పెట్టే సందు లేదు. దాని వెనక పాత ఇళ్ళ పేటలో తలుపులు బార్లా తీసుకుని ఆడవాళ్ళు గడపల మీద కూర్చున్నారు. దారినపోయే వాళ్ళ గుట్టంతా లాగుతున్నారు. ఒక ముసలమ్మ వీళ్ళనీ ఆపి ఎక్కడికని అడిగింది. కార్ఖానా సందు పేరు చెప్పగానే ఆమె మొహం మాడిపోయింది.

"అక్కడికా? అక్కడి పిల్లలెవరూ ఇటు రారే" అంది. ఇంకేదో అనబోయి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

"చాదస్తంలే" అన్నాడు అన్న. అనేశాడు గానీ, ఆ మూసిన తలుపు వంక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

కార్ఖానా సందులో పట్టపగలే మనిషి అలికిడి లేదు. ఉన్న తలుపులన్నీ మూసే ఉన్నాయి. మేనేజరమ్మ మాత్రం తేనె పూసినట్టు మాట్లాడింది. పిల్లలంతా పనిలో ఉన్నారంటూ, చెల్లెల్ని మంచం చూసుకోమని లోపలి మెట్ల మీదుగా మేడ మీదికి పంపి, అతన్ని బస గది బయటే నిలబెట్టింది. ఆ గది తలుపు సందులోకి తెరుచుకుంటుంది. దాని గడియ సగం ఊడి వేలాడుతోంది.

వదులు గడియ కనబడితే ఊరుకునే మనిషా! సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. పాత స్క్రూలు పీకి జేబులో వేసుకుని, పొడుగాటివి దింపాడు. దొంగ విప్పకుండా వాటి తలల మీద సుత్తితో కొట్టి, స్క్రూడ్రైవర్ పట్టే గాళ్ళు చెరిపేశాడు. అది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి.

"మీ చెయ్యి బంగారం బాబూ!" అంది మేనేజరమ్మ. అతను పొంగిపోయాడు. చెల్లెలికి వీడ్కోలు చెప్పి బయల్దేరాడు.

బజారు దాకా వచ్చి టీ తాగుతూ జేబులో చెయ్యి పెట్టాడు. పాత స్క్రూలు తగిలాయి. వాటి మరచుట్ల నిండా చీలిన చెక్క పీచు. వదులై ఊడిన స్క్రూకి పీచు అంటదు. లోపలి నుంచి ఎవరో తోసి తోసి పెకలించారు. గది గడియ బయట ఎందుకుందో అప్పటికి తట్టింది ఆ పెద్దమనిషికి! గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

పొద్దు వాలుతోంది. గడియకు తాళం కప్ప వేలాడుతోంది.

"చెల్లీ!"

"అన్నయ్యా! వచ్చావా!" తలుపు అవతలి నుంచి చెల్లెలి గొంతు. "ఫోన్ లాగేసుకుని తాళం వేసేసింది. లోపల చాలామంది ఉన్నాం. ఏళ్ళ తరబడి ఇళ్ళకి పోనివాళ్ళున్నారు."

ఇంకో అమ్మాయి ఏడుస్తూ అంది. "నెల నుంచీ రోజూ తోస్తున్నాం. ఈ రాత్రికి ఊడిపోయేదే. ఏ పాపిష్టి వెధవో ఇవాళే వచ్చి బిగించిపోయాడు."

అతను స్క్రూడ్రైవర్ ఆనించాడు. జారింది. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ జారింది. భుజంతో గుద్దాడు. గడియ కిర్రుమని కూడా అనలేదు. సందు మొగలో మేనేజరమ్మ, ఆమె వెనక ఇద్దరు మగాళ్ళు, తొందర లేకుండా నడిచి వస్తున్నారు.

"ఏడవకండే" లోపల చెల్లెలు వాళ్ళను ఓదారుస్తోంది. "మా అన్న వడ్రంగి. ఎలాంటి గడియైనా ఇట్టే విప్పేస్తాడు. విప్పు అన్నయ్యా!"